చిలుకకు వేడి ఎంతవరకు? సౌనా గది నుంచి రేకుల ఇంటి దాకా

మడతపెట్టి బీరువా మీద పడేసుకునే స్టీమ్ బాత్ టెంట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పెద్ద జిమ్ముల్లో వేడి గాలితో చెమట పట్టించే సౌనా గదులు ఉంటున్నాయి. ఇంట్లో ఎప్పుడూ భుజం మీదే ఉండే పెంపుడు చిలుకను అందులోకి తీసుకెళ్లొచ్చా అన్న ప్రశ్న కొందరికి నవ్వు తెప్పించొచ్చు గానీ, అడిగేవాళ్ల తర్కం వాళ్లకుంది. చిలుకలు వేడి దేశాల పక్షులు. వాటి ఒళ్లే మన ఒంటికన్నా వేడిగా ఉంటుంది. చలికి ముడుచుకుపోయే పిట్టకు ఆవిరి హాయిగానే ఉంటుందని అనుకోవడం సహజం.

జవాబు మాత్రం సూటిగానే ఉంది: పనికిరాదు. ఐదు నిమిషాలైతే ఫర్వాలేదు, తలుపు కాస్త తీసి ఉంచితే చాలు లాంటి మధ్యే మార్గాలు ఇందులో లేవు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం పక్షి ఒంటి నిర్మాణంలో ఉంది. అది అర్థమైతే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట వైపు పక్షులు పెంచేవాళ్లకు సౌనా అంత పెద్ద బెంగ కానక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు రేకుల ఇంట్లో, గాలి ఆడని మూలలో వేలాడే పంజరం దాదాపు అదే పని చేసేస్తుంది.

ఒంట్లో వేడికి దారులు

చిలుక ఒంటి వేడి మామూలుగా 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. జాతిని బట్టి, పగలు రాత్రిని బట్టి ఓ డిగ్రీ అటూ ఇటూ అవుతుంది. మనిషికి 41 వస్తే ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పరుగెడతారు. చిలుకకు అదే ఆరోగ్యం. ఇక్కడే లెక్క తప్పుతుంది. మామూలు వేడే అంత ఉంటే పైన ఇంకెంతైనా తట్టుకుంటుందని అనిపిస్తుంది. కానీ ఒంటి వేడి 46, 47 డిగ్రీలకు చేరితే పక్షి బతకడం కష్టం. మామూలు స్థితికీ చావుకీ మధ్య ఉన్నది ఐదారు డిగ్రీల ఎడమే. మనిషికి ఉన్న ఎడం కూడా ఇంచుమించు అంతే. ఎత్తులో మొదలైనంత మాత్రాన పిట్టకు అదనంగా దక్కిందేమీ లేదు.

పైగా పక్షికి చెమట గ్రంథులు లేవు. ఎండలో నిలబడ్డ మనిషి ఒళ్లంతా తడిసి, ఆ తడి ఆరేటప్పుడు వేడిని వెంట తీసుకుపోతుంది. చిలుక వేరే దారులు వెతుక్కోవాలి. కాళ్లు, ముక్కు, కళ్ల చుట్టూ ఉండే చర్మం ఈకలు కప్పని చోట్లు. ఒళ్లు వేడెక్కగానే రక్తాన్ని అటువైపు ఎక్కువగా పంపి, అక్కడి నుంచి వేడిని గాలిలోకి వదులుతుంది. ముక్కు గింజలు కొట్టుకోవడానికే అనుకుంటాం గానీ అది రేడియేటర్ కూడా. టూకాన్ పక్షి తన పెద్ద ముక్కుతో ఒంటి వేడిని ఎలా వదిలించుకుంటుందో 2009లో శాస్త్రవేత్తలు థర్మల్ కెమెరాలతో చూపించారు. ఆస్ట్రేలియాలో 1871 నుంచి మ్యూజియాల్లో దాచిన నమూనాలను కొలిస్తే కొన్ని చిలుక జాతుల ముక్కు వైశాల్యం 4 నుంచి 10 శాతం పెరిగిందని 2021లో మరో పరిశోధక బృందం తెలిపింది. భూమి వేడెక్కుతున్న కొద్దీ రేడియేటర్ పెద్దదవుతోందని వాళ్ల ఊహ. అయితే మన వరండాలోని పంజరంలో ఉన్న చిలుక ఇంకో నూట యాభై ఏళ్లు ఆగలేదు కదా.

రెక్కలది కూడా ఇదే తరహా పని. చలిలో చిలుక ఈకలు ఉబ్బించి బంతిలా కూర్చుంటుంది. వేడిలో వాటిని ఒంటికి అణుచుకుని, రెక్కలను పక్కలకు ఎడంగా పట్టుకుంటుంది. రెక్కల కింద ఈకలు పల్చగా ఉంటాయి కాబట్టి అక్కడికి గాలి తగిలితే ఒళ్లు చల్లబడుతుంది.

కాళ్లైనా, ముక్కైనా, రెక్కలైనా పని చేయాలంటే ఒక షరతు ఉంది. చుట్టూ ఉన్న గాలి ఒంటికన్నా చల్లగా ఉండాలి. గాలి 41 దాటిందంటే వేడి ఎదురుదిశలో నడుస్తుంది. బయటికి పోవాల్సింది లోపలికి వస్తుంది. అప్పుడు మిగిలేది నీటిని ఆవిరి చేయడం ఒక్కటే. చర్మం నుంచి కొంత తేమ పోతుంది గానీ, ముఖ్యమైన పని నోటిది. నోరు తెరిచి రొప్పుతుంటే నాలుక మీద, గొంతులో, గాలిగొట్టంలో ఉన్న తడి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. చిన్న పిట్టకు ఇది పెద్ద మొత్తమే.

ఈ చివరి దారికీ చిక్కులున్నాయి. గాలి పొడిగా ఉంటేనే తడి ఆరుతుంది. ఆవిరైన నీటిని మళ్లీ తాగి పూడ్చుకోవాలి. రొప్పడం కూడా కండరాల పనే కాబట్టి అది కొంత వేడిని పుట్టిస్తుంది. ఎక్కువసేపు రొప్పితే ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ అతిగా పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. ఈ చివరి సంగతి మన కోళ్ల రైతులకు వేరే రూపంలో బాగా తెలుసు. వేసవిలో గుడ్డు పెంకు పల్చబడి, ట్రేలోనే చిట్లిపోవడానికి ఒక కారణం ఇదే.

సౌనాలో ఏం జరుగుతుంది

సౌనా, స్టీమ్ బాత్ రెండూ ఒకటే అనుకుంటారు గానీ పక్షి ఒంటి దృష్టితో చూస్తే అవి వేర్వేరు ప్రమాదాలు. ఫిన్లాండ్ పద్ధతి సౌనాలో గాలి 70 నుంచి 100 డిగ్రీల వరకు వేడిగా, పొడిగా ఉంటుంది. స్టీమ్ గదిలో వేడి 40 నుంచి 45 డిగ్రీలే గానీ తేమ నూటికి నూరు ఉంటుంది.

అంకె చిన్నది కదా అని రెండోదాన్ని నయం అనుకోవడానికి లేదు. గాలి ఇక పట్టలేనంత తేమతో నిండి ఉన్నప్పుడు చిలుక ఎంత రొప్పినా నోట్లోని తడి ఆరదు. గాలి తన ఒంటికన్నా వేడిగా ఉంది కాబట్టి కాళ్లూ ముక్కూ పని చేయవు. అంతటితో ఆగదు. గదిలోని ఆవిరి తనకన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీటిబొట్లుగా పేరుకుంటుంది, పేరుకుంటూ తనలోని వేడిని దానికి అప్పగిస్తుంది. 41 డిగ్రీల పిట్ట ఆ గదిలో చల్లటి వస్తువు కిందే లెక్క. ఏ ఆవిరి చేయడం వల్ల అది చల్లబడాలో, అదే ప్రక్రియ తిరగబడి దాన్ని కాలుస్తుంది. పొడి సౌనాలో రొప్పడం పని చేస్తుంది గానీ, 80 డిగ్రీల గాలి, వేడి చెక్క గోడలు కలిసి లోపలికి తోసే వేడి ముందు ఆ పని చాలదు.

మరి మనిషి అదే గదిలో పది పదిహేను నిమిషాలు కూర్చుని నవ్వుతూ ఎలా బయటికొస్తాడు? చెమట ఒక కారణం. ఇంకోటి ఒంటి పరిమాణం. లవ్ బర్డ్స్ పేరుతో మన దగ్గర ఎక్కువగా అమ్మే బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములు. కాకటీల్ అనే చిన్న చిలుక 80 నుంచి 100 గ్రాములు. పెద్ద చిలుక అనిపించే ఆఫ్రికన్ గ్రే కూడా దాదాపు అరకిలోనే. ఒళ్లు చిన్నదైన కొద్దీ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ అవుతుంది. 35 గ్రాముల బడ్జీ ఒంటిని నాలుగు డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 500 జౌళ్ల శక్తి చాలు. 60 కిలోల మనిషికి అదే పని చేయాలంటే ఎనిమిది లక్షలకు పైగా కావాలి. ఆ వేడి లోపలికి దిగే చర్మం విస్తీర్ణంతో భాగిస్తే, బడ్జీ మనిషికన్నా సుమారు పది రెట్లు తొందరగా వేడెక్కాలి. ఈకలు ఆ వేగాన్ని కొంత తగ్గిస్తాయి. అయినా మనిషికి పదిహేను నిమిషాల విశ్రాంతి అనిపించేది బడ్జీకి చాలా పెద్ద గండం.

ఊపిరితిత్తుల సంగతి కూడా ఉంది. పక్షుల ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో ప్రవహిస్తుంది. వాటికి తోడుగా గాలి తిత్తులుంటాయి. గాలిలోని ఆక్సిజన్‌ను మనకన్నా బాగా లాక్కోగలవు. విషవాయువులను కూడా అంతే బాగా లాక్కుంటాయి. బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి కెనరీ పిట్టలను వాడే పద్ధతి బ్రిటన్‌లో 1986 దాకా నడిచిందంటే కారణం ఇదే. స్టీమ్ టెంట్‌లో వేసే యూకలిప్టస్ నూనె, సెంటు చుక్కలు మన ముక్కుకు హాయి, పిట్టకు కాదు.

ఎడారి పక్షి కదా, తట్టుకోదా?

బడ్జీ, కాకటీల్ రెండూ ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలల పక్షులు. వాటికి వేడి అలవాటే. అయితే ఆ అలవాటుకు కూడా హద్దుందని అక్కడి వేసవులే చెప్పాయి. 2009 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో 45 డిగ్రీలు దాటిన ఎండలకు బడ్జీలు, జీబ్రా ఫించ్ పిట్టలు వేలల్లో చనిపోయాయి. ఆ మరుసటి ఏడాది, 2010 జనవరి 6న, హోప్‌టౌన్ దగ్గర 48 డిగ్రీల వేడికి కార్నబీ నల్ల కాకటూలు అనే చిలుక జాతి పక్షులు 208 రాలిపోయాయి. అవి పుట్టి పెరిగిన చోటే, స్వేచ్ఛగా ఎగరగలిగిన స్థితిలోనే ఇలా జరిగింది.

మన రామచిలుక మాటకొస్తే, ఎండలో అది బతకడానికి సగం కారణం ఒంట్లో, సగం కారణం తెలివిలో ఉంది. పొద్దున్నే, సాయంత్రమే మేతకు తిరుగుతుంది. మధ్యాహ్నం ఆకు దట్టంగా ఉన్న కొమ్మల్లోకి చేరి కదలకుండా కూర్చుంటుంది. మహబూబ్‌నగర్ పక్కన ఉన్న పిల్లలమర్రి లాంటి మహావృక్షం కింద మే నెలలో నిలబడ్డవాళ్లకు ఆ నీడ విలువ చెప్పక్కర్లేదు. ఆకులు నీటిని ఆవిరి చేస్తుంటాయి కాబట్టి చెట్టు నీడ గోడ నీడకన్నా చల్లగా ఉంటుంది. చెట్టు తొర్రలో వేడి పగలు నెమ్మదిగా ఎక్కుతుంది. దగ్గర్లో బావో కుంటో ఉంటే చిలుక ఎగిరి వెళ్లి తాగి వస్తుంది. పంజరంలో పెట్టడమంటే ఈ మార్పులన్నీ చేసుకునే అధికారాన్ని దాని నుంచి లాక్కుని, ఆ బాధ్యత మనం తీసుకోవడం. తీసుకున్నవాళ్లలో ఎంతమంది దాన్ని గుర్తుంచుకుంటారన్నది వేరే ప్రశ్న. రోడ్డు పక్కన చిలుక జోస్యం పెట్టెను నడి ఎండలో చూసినవాళ్లకు జవాబు తెలుసు.

ఇక్కడే చట్టం మాట కూడా చెప్పేయాలి. రామచిలుక సహా మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇంట్లో పెట్టుకోవడానికి వీలున్నవి విదేశీ జాతులే. వాటిలోనూ ఆఫ్రికన్ గ్రే, సన్ కన్యూర్ లాంటి వాటిని 2024లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. దెబ్బ తగిలిన రామచిలుక దొరికితే అటవీ శాఖకు అప్పగించాలి.

పేరు లేని సౌనాలు

నల్లగొండలో వేసవి మధ్యాహ్నాలు 43, 44 డిగ్రీలకు చేరడం ఏటా చూసేదే. ఎత్తు మీదున్న పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు కాస్త తక్కువ. 2015 మే వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. తెలంగాణలో ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో ఉమ్మడి నల్లగొండ ఒకటి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు. బయట నీడలోనే గాలి 43 ఉందంటే చిలుకకు ముక్కు, కాళ్ల దారి అప్పటికే మూసుకుపోయినట్టు. మిగిలింది రొప్పడం, దానికి కావాల్సిన పొడి గాలి, నీళ్లు. ఇంట్లో మనం చేసే ఏర్పాట్లు ఆ చివరి దారిని తెరిచి ఉంచుతున్నాయా, మూసేస్తున్నాయా అని చూసుకోవాలి.

రేకుల కప్పు దగ్గర మొదలుపెడదాం. సిమెంటు రేకైనా, ఇనుప రేకైనా మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడి గాలితో పని లేకుండా నేరుగా కిందికి ప్రసరిస్తుంది. గోడకున్న థర్మామీటర్ 40 చూపిస్తున్నా, రేకుకు రెండడుగుల కింద వేలాడే పంజరంలోని పిట్ట ఒంటికి తగిలేది అంతకన్నా చాలా ఎక్కువ. పైగా వేడి గాలి పైకి చేరుతుంది. పిల్లి అందుకోకుండా ఉండాలని పంజరాన్ని ఎత్తులో కట్టడం మన అలవాటు. వేసవిలో అదే చిలుకకు ఇంట్లోకెల్లా అధ్వాన్నమైన చోటు. కిందికి దించి, పిల్లి సంగతి వేరే చూసుకోవాలి. స్లాబ్ ఇళ్లలో తంటా ఇంకోలా ఉంటుంది. పగలంతా పీల్చుకున్న వేడిని స్లాబ్ రాత్రి పది దాకా వదులుతూనే ఉంటుంది కాబట్టి పొద్దు గూకగానే ప్రమాదం పోయిందనుకోకూడదు. కప్పుకు తెల్ల సున్నం వేయడం పాత చిట్కాయే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా మూలంలో అదే సూత్రం.

ప్రయాణం ఇంకో సౌనా. హైదరాబాద్ చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్‌లో కొన్న పిట్టలు అట్టపెట్టెలో నల్లగొండకో, మహబూబ్‌నగర్‌కో బస్సెక్కుతాయి. ఎటైనా వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. పెట్టెకు నాలుగు చిల్లులు పొడిచి, గాలి ఆడుతుందని సరిపెట్టుకుంటారు. లోపల రెండు మూడు పిట్టలు భయంతో రొప్పుతుంటే వాటి ఊపిరి తేమ ఆ పెట్టెలోనే నిలుస్తుంది. గంటలో అది అసలైన స్టీమ్ గది. సొంత కారైతే ఏసీ ఉంటుంది గానీ, నార్కెట్‌పల్లిలోనో జడ్చర్లలోనో టీ కోసం దిగినప్పుడు ఇంజన్ ఆపేసి, అద్దాలు మూసి వెళ్తారు. బయట 40 ఉంటే కారు లోపల పది నిమిషాల్లో 50 దాటుతుంది, అరగంటకు 60 దరిదాపుల్లోకి వస్తుంది. వేసవిలో పక్షిని తీసుకురావాల్సి వస్తే తెల్లవారుజామున బయల్దేరడమే మేలు. జాలీ బుట్టలో తేవాలి. ఇంకా మంచిది, ఎండలు తగ్గాక కొనడం.

కూలర్ విషయంలో చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఆసక్తికరమైనది. మే నెల నల్లగొండ గాలి వేడిగా ఉన్నా పొడిగా ఉంటుంది. 43 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలి తడి గడ్డి గుండా వెళ్తే సిద్ధాంతం ప్రకారం 25 డిగ్రీల దాకా చల్లబడగలదు. ఇంటి కూలర్లు అంత దూరం తేకపోయినా పిట్టకు ప్రాణం నిలిచేంత తెస్తాయి. షరతు ఏమిటంటే కూలర్ బయటి పొడి గాలిని లాగాలి, గదిలోని గాలి ఇంకో కిటికీ గుండా బయటికి పోవాలి. చల్లదనం పోతుందని కిటికీలన్నీ మూసి, కూలర్‌ను గది లోపల పెడితే తేమ పేరుకుంటూ పోతుంది. గంట గడిచాక గదిలో ఉక్కపోత. మనకు చిరాకు, అప్పటిదాకా పని చేస్తున్న రొప్పుడు దారి కాస్తా పిట్టకు మూసుకుపోతుంది. మృగశిర దాటి తొలకరి పడ్డాక ఇది ఇంకా ముదురుతుంది. 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న జూన్ గాలిని ఎంత గొప్ప కూలరైనా 29 కిందికి దించలేదు. చినుకులు పడ్డాయి కదా అని నిశ్చింతగా ఉండే ఆ రోజుల్లో కూలర్ నీళ్ల పంపు ఆపేసి, ఉత్త ఫ్యాన్‌గా నడిపితే పిట్టకు మేలు.

ఏసీ ఉంటే ఈ చర్చంతా అక్కర్లేదని అనిపిస్తుంది. ఏసీ గాలి తగిలితే చిలుక చచ్చిపోతుందన్న భయంలో పస లేదు. 26, 27 దగ్గర పెట్టి, గాలి నేరుగా పంజరం మీదికి రాకుండా చూస్తే ఇబ్బంది ఉండదు. ఇబ్బంది కరెంటు పోయినప్పుడు. తలుపులన్నీ బిగించిన గదిలో చల్లదనానికి అలవాటుపడ్డ పిట్టకు తట్టుకునే తర్ఫీదు ఉండదు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మార్చి చివర్లో ఒక్కసారిగా పెరిగే ఎండలు కోళ్ల ఫారాలను మే ఎండలకన్నా ఎక్కువగా భయపెట్టేది అందుకే.

కోళ్ల ఫారాల మాట వచ్చింది కాబట్టి, చిలుకలు పెంచేవాళ్లు పుస్తకాలకన్నా ముందు చూడాల్సింది షాద్‌నగర్ చుట్టుపక్కల షెడ్లనే. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటుంది, ఎండ పక్కల నుంచి లోపలికి దూరకుండా. రేకుల మీద గడ్డి పరిచి నీళ్లు చల్లుతారు. పక్కలకు గోనెపట్టాలు కట్టి తడుపుతారు, అయితే గాలి ఆడేలా సందు వదులుతారు. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా దాణా ఆపుతారు. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి. ఇందులో చిలుకకు పనికిరానిది దాదాపు ఏమీ లేదు. చిన్న పిట్టలను పగలంతా పస్తుంచకూడదు గానీ, ముఖ్యమైన మేతను తెల్లవారుజామున, సాయంత్రం పెట్టి, మధ్యాహ్నానికి కీరా, పుచ్చకాయ ముక్కలు చాలు. నానబెట్టిన గింజలు, మొలకలు ఈ ఎండకు రెండు గంటల్లో పులుస్తాయి, తీసేయాలి. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు కాగిపోతాయి. మట్టి మూకుడైతే చల్లగా ఉంటాయి, అందులోనే పిట్ట దిగి తానమాడుతుంది కూడా.

వంటగది పక్కన పంజరం పెట్టడం గురించి ఒక్క మాట. నాన్‌స్టిక్ దోసె పెనం ఖాళీగా పొయ్యి మీద మరిచిపోతే, 260 డిగ్రీలు దాటాక దాని పూత నుంచి వచ్చే పొగ మనకు వాసన కూడా తెలియకముందే పక్షిని చంపగలదు. వేసవి మరణం అనుకునేవాటిలో ఇలాంటివి కలిసిపోతుంటాయి.

వేడే మందయ్యే చోటు

ఇంతా చెప్పాక కూడా, చిలుకకు వెచ్చదనం చికిత్సగా వాడే సందర్భాలు ఉన్నాయి. జబ్బుపడి ఈకలు ఉబ్బించి కూర్చున్న పిట్టను పశువైద్యులు 29 నుంచి 32 డిగ్రీల వెచ్చటి పెట్టెలో ఉంచుతారు. గుడ్డు అడ్డుపడ్డ ఆడ పక్షికి ఆ వెచ్చదనంతో పాటు తేమ కూడా ఇస్తారు. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లకు 35, 36 డిగ్రీలు కావాలి. ఈకలు వచ్చే కొద్దీ తగ్గిస్తూ పోతారు. ఈ అంకెలన్నీ పక్షి ఒంటి వేడికి కిందే ఉన్నాయని గమనించాలి. ఒళ్లు వేడి కోల్పోవడం తగ్గుతుంది, అంతే. బయటి నుంచి వేడి లోపలికి రాదు. ఇంట్లో బల్బు పెట్టి వెచ్చబెట్టేటప్పుడు పంజరానికి ఒక పక్కనే పెట్టి, రెండో పక్కను చల్లగా వదలాలన్న నియమం కూడా అందుకే. చాలనిపించినప్పుడు జరగడానికి దానికి చోటుండాలి. మే నెలలో మన దగ్గర ఆ బల్బు అవసరం ఎంత అరుదో వేరే చెప్పాలా? గది వేడే అంతకు మించి ఉంటుంది.

స్నానాల గదిలో షవర్ తడికి చిలుకను కూర్చోబెట్టడం కూడా కొందరు చేస్తారు. డిసెంబరు, జనవరి పొడి గాలికి ఈకలు గరుకుగా అయినప్పుడు అది తప్పేమీ కాదు. గది వెచ్చగా ఉండాలి గానీ ఉక్కపోయకూడదు. తలుపు తెరిచి ఉండాలి. గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్ అసలే వద్దు. దీన్నే జలుబుకు పట్టే ఆవిరితో కలిపేసుకోవడం ప్రమాదం. చిలుక తుమ్ముతోందని, మరిగే నీళ్లలో బామ్ వేసి, దుప్పటి కప్పి, పంజరాన్ని దాని ముందు పెట్టడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పనే. అందులో స్టీమ్ టెంట్‌లోని రెండు ముప్పులూ కలిసి ఉన్నాయి: తప్పించుకోలేని తడి వేడి, కర్పూరం లాంటి ఘాటు ఆవిర్లు.

వడదెబ్బ తగిలితే

గుర్తులు వరుసగా వస్తాయి. ముందు ఈకలు అణిగిపోయి పిట్ట సన్నగా కనిపిస్తుంది, రెక్కలు పక్కలకు ఎడమవుతాయి. తర్వాత నోరు తెరిచి రొప్పుతుంది. ఇక్కడిదాకా అది తనను తాను కాపాడుకుంటోంది. చోటు మార్చి, గాలి ఆడించి, నీళ్లు పెడితే సర్దుకుంటుంది. కర్ర మీద తూలడం, పిలిస్తే పలక్కపోవడం, పంజరం అడుగుకు దిగి కూర్చోవడం కనిపిస్తే పరిస్థితి చేయి దాటుతోందని అర్థం. చాలామంది ఆ నిశ్శబ్దాన్ని నిద్ర అనుకుంటారు.

అప్పుడు వెంటనే నీడలోకి, గాలి ఆడే చోటికి తేవాలి. కాళ్లను, రెక్కల కింద చర్మాన్ని నీళ్లతో తడిపి, పక్క నుంచి ఫ్యాన్ గాలి తగలనివ్వాలి. ఏ నీళ్లన్నది ఆలోచించాలి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం పూట కాగి ఉంటాయి. ఫ్రిజ్ నీళ్లు, ఐస్ పెడితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే ఉండిపోతుంది, పిట్ట షాక్‌లోకి వెళ్లొచ్చు. కుండలోనో రంజన్‌లోనో ఉన్న నీళ్లు సరిగ్గా సరిపోతాయి. స్పృహ సరిగా లేని పక్షి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు అంచుకు చుక్క తాకిస్తే మింగగలిగితే మింగుతుంది. రొప్పడం తగ్గి, తల నిలబెట్టగానే తడపడం ఆపాలి. అంత చిన్న ఒళ్లు ఎంత తొందరగా వేడెక్కిందో అంత తొందరగా చల్లబడిపోతుంది.

తర్వాత పశువైద్యుడికి చూపించాలి, తేరుకున్నట్టు కనిపించినా సరే. అతి వేడి మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీసి ఉండొచ్చు, అది ఆ రోజే బయటపడకపోవచ్చు. ఒకటి రెండు రోజులు పంజరం అడుగున కాగితం పరిచి రెట్ట గమనిస్తే, నీళ్లలా పోతోందా, రంగు మారిందా, అసలు వేస్తోందా లేదా తెలుస్తుంది. ఆ కాగితాన్నే మడిచి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఆయనకు పని సులువవుతుంది.